‘మా దిక్కు నెట్ గింతే’ అనే సోమరి తీర్పు

నల్లగొండలోనో పాలమూరులోనో నలుగురు కూర్చున్న చోట ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతోందని ఒక్క మాట అని చూడండి. సలహా తడుముకోకుండా వస్తుంది. “మా దిక్కు నెట్ గింతే అన్నా. ప్లాన్ పెంచుకో. అయినా కాకుంటే ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టియ్యి. ఐదేండ్లది అంటున్నవ్ గదా, ఇంకెన్నాళ్లు గుంజుతవ్, కొత్తది తీసుకో.” బీటెక్ చదివిన బావమరిది ఇదే అంటాడు. నిచ్చెన భుజాన వేసుకుని ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికొచ్చే పిల్లగాడు ఇదే అంటాడు. రిపేరు షాపాయన ల్యాప్‌టాప్‌ను సంచిలోంచి తీయకముందే ఇదే అంటాడు.

ఈ అభిప్రాయానికి ఉన్న బలాన్ని ముందు ఒప్పుకుందాం. ఇందులో మూడు వాదాలున్నాయి. మన జిల్లాల్లో లైన్లే మంచివి కావు గనుక తప్పు లైనుదే అన్నది మొదటిది. ఎక్కువ ఎంబీపీఎస్ తీసుకుంటే తెగడం తగ్గుతుందన్నది రెండోది. అప్పటికీ తెగితే తప్పు ల్యాప్‌టాప్‌ది, దానికి మందు ఫార్మాట్ లేదా కొత్త మిషన్ అన్నది మూడోది. వీటికి ఆధారాలు లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్‌తో ఊరికొచ్చిన వాళ్లు సిగ్నల్ కోసం మిద్దెలెక్కారు, చెట్ల కింద కూర్చున్నారు. కరెంటు స్తంభాల వెంట వేలాడే ఫైబర్ తీగను కోతులు పీకడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. సాయంత్రం అందరూ ఒకేసారి కూర్చుంటే వేగం పడిపోవడమూ నిజమే. ఫార్మాట్ కొట్టాక బాగైన ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి.

ఇన్ని నిజాలున్నా తీర్పు మాత్రం తప్పు. ఎందుకు తప్పో వరసగా చెబుతాను.

1. ‘నెట్’ అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు తావులు

ల్యాప్‌టాప్‌లో ఒక వైఫై కార్డు ఉంటుంది. అక్కడి నుంచి గదిలోని గాలి మీదుగా రూటర్ దాకా ఒక దారి. రూటర్‌లోంచి, చాలా ఇళ్లలో అదే డబ్బాలోంచి, ఫైబర్ తీగ మీద ఊళ్లోని ఆపరేటర్ దాకా ఇంకో దారి. ఆపరేటర్ నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి లోకానికి మరొకటి. వైఫై అంటే వీటిలో మొదటి ముక్క మాత్రమే. మీ ముందు గది నుంచి పడక గది దాకా ఉన్న ముక్క. ‘నెట్ గింతే’ అనే మనిషి ఈ తావుల్లో ఏది తెగిందో చూడకుండానే అన్నింటికీ కలిపి శిక్ష వేస్తున్నాడు.

చూడటం కష్టమా అంటే, రెండు నిమిషాల పని. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్‌ఫిగ్’ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక అంకె కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1. అదే మీ రూటర్ చిరునామా. ఒక కిటికీలో దానికి పింగ్ పెట్టండి, అంటే జవాబు వస్తోందా అని పలకరించే ఆదేశం ఇవ్వండి, పక్కనే ఇంకో కిటికీలో 8.8.8.8 కు పెట్టండి. అది గూగుల్‌ది, బయటి లోకంలో ఉంటుంది. రెండింటినీ ఆగకుండా నడవనిచ్చి మీ పని మీరు చేసుకోండి. మీటింగ్ ఆగిపోయిన క్షణాన ఆ రెండు కిటికీల వంక చూడండి. రూటర్ నుంచి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో నికరంగా వస్తూ గూగుల్‌ది మాత్రం ఆగిపోయిందంటే తప్పు లైనుది, ఆపరేటర్‌ను పిలవండి. రూటర్ జవాబే మూడు వందలు, ఎనిమిది వందలు అంటూ ఎగిరి, ఆ తర్వాత ‘టైమ్డ్ అవుట్’ అని పడిందంటే, తెగింది ఇంట్లో. లైను సంగతి చూడటానికి ఇంకా సమయం ఉంది. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఈ ఒక్క పరీక్షతో మొదటి వాదం సగం కూలుతుంది. పది అడుగుల దూరంలో ఉన్న డబ్బాతో మాట కలపలేని ల్యాప్‌టాప్‌కు జిల్లా వెనుకబాటుతనాన్ని కారణంగా చూపడం ఏ తర్కం?

2. ప్లాన్ పెంచితే తెగడం ఆగుతుందా?

వీడియో మీటింగ్‌కు కావలసింది మూడు నాలుగు ఎంబీపీఎస్. కేంద్ర టెలికాం శాఖ 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. ఇవాళ ఊళ్లలో అమ్ముతున్న చిన్న ప్లాన్లు కూడా ఆ అంకెకు ఎన్నో రెట్లు పైనే ఉంటాయి. నలభై ఎంబీపీఎస్ లైను మీద మీటింగ్ తెగిపోతుంటే, వంద ఎంబీపీఎస్ ఇచ్చినా తెగుతుంది. తక్కువైంది వేగం కాదు గదా. వేగం, నిలకడ రెండూ వేర్వేరు గుణాలు. ఒకటి లేనప్పుడు రెండోది కొనమనడం ఈ సలహాలోని అసలు లొసుగు.

దీని ఫలితం ఇంకా విచిత్రం. మన వైఫై ఎక్కువగా నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. మన దేశంలో ఆ పట్టీలో పదమూడు ఛానెళ్లున్నాయి గానీ, ఒకదాని మీద ఒకటి పడకుండా పనిచేసేవి మూడే: 1, 6, 11. నల్లగొండ ప్రకాశం బజార్ లాంటి ఇరుకు వీధిలో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య, ఫోన్ తీసి చూస్తే పది పదిహేను వైఫై పేర్లు కనిపిస్తాయి. అందరూ ఆ మూడు తావుల్లోనే ఇరుక్కుని ఉన్నారు. పెద్ద ప్లాన్‌తో పాటు నాలుగు కొమ్ముల కొత్త రూటర్ వస్తుంది. అది వేగం చూపించాలన్న ఆత్రంతో 2.4 మీదే రెట్టింపు వెడల్పు ఛానెల్ పరుచుకుంటుంది. మీ వేగం పరీక్షలో అంకె పెరుగుతుంది, పక్కింటి పిల్ల ఆన్‌లైన్ క్లాసు తెగుతుంది. వాళ్లూ ప్లాన్ పెంచుతారు. వాళ్లకూ నాలుగు కొమ్ముల డబ్బా వస్తుంది. వీధి మొత్తం పైసలు పెట్టి ఉన్న గాలిని ఇంకా చెడగొట్టుకుంటుంది. బాగుపడింది ఎవరో చెప్పనక్కర్లేదు.

చేయాల్సిన పని పైసా ఖర్చు లేనిది. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి 2.4 కు వెడల్పు 20 మెగాహెర్ట్జ్ అని పెట్టి, ఛానెల్‌ను 1, 6, 11 లలో ఖాళీగా ఉన్నదానికి మార్చడం. ల్యాప్‌టాప్ రూటర్ ఉన్న గదిలోనే ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు కలపడం. ఈ 5 పట్టీలో లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ జాగాను ప్రభుత్వం 2018లో బాగా పెంచింది. మన రూటర్లలో చాలావాటికి అది ఉంది. కానీ రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టి ‘స్మార్ట్’ అని వదిలేస్తారు. ల్యాప్‌టాప్ ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని పట్టుకుంటూ మధ్యలో మీటింగ్‌ను జారవిడుస్తుంది. రెండింటికీ రెండు పేర్లు పెట్టి చూడండి.

3. గోడల సంగతి ఎవరూ ఎత్తరు

రాయి మన సొత్తు. రాచకొండ, దేవరకొండ, భువనగిరి, కోయిలకొండ, ఎటు చూసినా బండే. ఇళ్లూ దానితోనే కట్టుకున్నాం. పాత ఇంటి గోడ రెండు అడుగుల మందం, లోపల రాయి, మట్టి, సున్నం. కొత్త ఇల్లైతే నిండా ఇనుప చువ్వలున్న స్లాబు. వీటికి తోడు గోడకానించి ఇనుప బీరువా, దాని తలుపుకు నిలువుటద్దం. రేడియో తరంగానికి ఇనుము అడ్డం, అద్దం వెనక పూత అడ్డం, తడిసిన గోడ అడ్డం. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఇలాంటి గోడను ఒక్కదాన్ని దాటేసరికే చతికిలబడుతుంది. 2.4 రెండో గోడ దాకా ఈడ్చుకొస్తుంది.

మరి రూటర్ ఎక్కడుంటుంది? వీధి గుమ్మం పక్కన, టీవీ వెనక, నేలకు మూరెడు ఎత్తులో. ఎందుకక్కడ? తీగ తెచ్చిన పిల్లగాడికి అక్కడ పని అయిపోయింది గనుక. ఇంట్లో ల్యాప్‌టాప్ ఎక్కడ వాడతారని అతను అడగలేదు, మనమూ చెప్పలేదు. పని చేసేవాళ్లు చప్పుడు లేని వెనక గది వెతుక్కుంటారు. అంటే రూటర్‌కు ఇంట్లో అన్నింటికన్నా దూరపు మూల. మధ్యలో రెండు రాతి గోడలు, ఒక బీరువా. ఈ ఏర్పాటు బంజారాహిల్స్‌లో పెట్టినా తెగుతుంది. దానికి పాలమూరు పేరు తగిలించడం మన మీద మనమే వేసుకుంటున్న నింద.

ఇక్కడ షాపులో ఇచ్చే ఇంకో సలహా ఉంది: ‘బూస్టర్ పెట్టు’. బూస్టర్ అనే ఆ డబ్బా విన్నదాన్నే తిరిగి అరుస్తుంది. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్న వెనక గదిలో పెడితే ఆ అంతంత మాత్రాన్నే మళ్లీ పంచుతుంది. వినడానికీ చెప్పడానికీ ఒకే ఛానెల్ వాడే రకమైతే వేగం సగానికి పడిపోతుంది. గీతలు మాత్రం నిండుగా కనిపిస్తాయి. ఆ గీతలు బూస్టర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న బలాన్ని చూపిస్తాయి, అంతకు మించి ఏమీ చెప్పవు. రూటర్ నుంచి వెనక గదికి గోడ వెంట ఒక ల్యాన్ వైరు లాగి, అక్కడ రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెడితే సమస్య ఆ రోజుతో సరి. వైరు లాగడం నామోషీ ఏమీ కాదు. కూలర్‌కు లాగలేదా?

4. ఫార్మాట్ అనే సర్వరోగ నివారిణి

ఇక మూడో వాదం. దీని మీద నాకు కోపం ఎక్కువ. ఎందుకంటే ఇది పైసలతో పాటు పిల్లల ప్రాజెక్టు ఫైళ్లనూ, పెళ్లి ఫొటోలనూ మింగుతోంది.

జిల్లా కేంద్రంలో ఒక రిపేరు బల్ల మీద జరిగింది చెబుతాను. డిగ్రీ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్. అంతకుముందు ఇంకో షాపులో ఫార్మాట్ కొట్టించారు, పైసలు తీసుకున్నారు. వైఫై మాత్రం ఎప్పటిలాగే వచ్చినట్టే వచ్చి పోతోంది. ఈ బల్ల దగ్గరి కుర్రాడు ఏ సాఫ్ట్‌వేరూ ముట్టలేదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి తెరను మెల్లగా వెనక్కి వంచాడు. గీతలు నాలుగు నుంచి ఒకటికి పడ్డాయి. ముందుకు లాగాడు, మళ్లీ నాలుగు. “కబ్జా కాడ వైరు కోస్కపోయింది సార్” అన్నాడు. కింది మూత విప్పి చూపించాడు. వైఫై కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు ఉంటుంది. దాని మీద రెండు చిన్న ఇత్తడి బొడిపెలకు రెండు సన్న తీగలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. ఆ తీగలు మదర్‌బోర్డు అంచు వెంట వెళ్లి, కబ్జా సందులోంచి పైకెక్కి, తెర చుట్టూ దాక్కుంటాయి. ల్యాప్‌టాప్ యాంటెన్నాలు ఉండేది అక్కడే, తెర చట్రంలో. కబ్జా విరిగి ప్లాస్టిక్ లేచిన చోట నల్ల తీగ పైతొడుగు అరిగి, లోపలి అల్లిక తళతళమంటోంది. మూత తీసి మూసినప్పుడల్లా అది నలిగింది. దీనికి ఫార్మాట్ ఏం చేస్తుంది? విండోస్‌ను నూరుసార్లు మళ్లీ ఎక్కించినా తీగ అతుక్కుంటుందా? ఆ తీగ మార్చడం కొన్ని వందల రూపాయల పని.

ఇదొక్కటే కాదు. ఫార్మాట్ తాకనైనా తాకలేని కారణాలు ఇంకా ఉన్నాయి.

ల్యాప్‌టాప్ పక్కన వేలాడే హార్డ్ డిస్కు ఒకటి. యూఎస్‌బీ 3 తీగ మీద డేటా పారేటప్పుడు అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే రొద చేస్తుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. సినిమాలు కాపీ చేసుకుంటుంటే వైఫై కుంటుతుంది, వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంది. డిస్కు తీయగానే అన్నీ మామూలు. షాపుకు తీసుకెళ్లేది డిస్కు లేకుండానే గనుక అక్కడ తప్పు కనిపించదు, ‘ఇప్పుడు బాగుంది గదా’ అని బిల్లు మాత్రం వస్తుంది.

అమెరికా నుంచి కొడుకో కూతురో పంపిన ల్యాప్‌టాప్‌ది ఇంకో కథ. ఫోన్లన్నింటికీ కనిపిస్తున్న వైఫై పేరు దానికి ఒక్కదానికే కనిపించదు. అమెరికాలో 2.4 పట్టీలో వాడేది పదకొండు ఛానెళ్లే. అక్కడి కోసం తయారైన కార్డుల్లో చాలావాటికి 12, 13 అన్నవి లేనట్టే లెక్క. ఇక్కడి రూటర్ తనంతట తాను 12కో 13కో మారిన రోజు ఆ ల్యాప్‌టాప్‌కు ఇంట్లో వైఫై ఉన్న సంగతే తెలియదు. రూటర్‌ను 11కు తిప్పితే పని అయిపోతుంది. దానికి బదులు పిల్లలు ప్రేమగా పంపిన మిషన్‌ను ‘ఇండియాకు పనికిరాదు’ అని అటక ఎక్కించిన ఇళ్లున్నాయి.

మూడోది సాఫ్ట్‌వేర్ తప్పే. ఫార్మాట్ పక్షంవాళ్లు ఇక్కడ గెలిచామనుకుంటారు. 2023 డిసెంబర్‌లో విండోస్ 11 కు ఒక అప్‌డేట్ వచ్చాక కొన్ని రకాల క్వాల్‌కామ్ వైఫై కార్డులున్న ల్యాప్‌టాప్‌లకు కాలేజీల, ఆఫీసుల వైఫై అందకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ ఆ తప్పును ఒప్పుకుని దిద్దింది. ఆ వారంలో మీరు ఫార్మాట్ కొట్టించి ఉంటే ఏమయ్యేది? కొత్తగా ఎక్కిన విండోస్ నెట్‌కు తగలగానే ఆ అప్‌డేటే మళ్లీ దిగేది. రోగం యథాతథం, ఫైళ్లు గల్లంతు. అప్‌డేట్‌ను వెనక్కి తీసుకోవడం, లేదా డివైస్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్‌ను పాతదానికి మళ్లించడం, లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి సరైన డ్రైవర్ తెచ్చి వేయడం, ఇవీ దానికి మందులు. ఫార్మాట్ కొట్టాక బాగైన ల్యాప్‌టాప్‌లు ఉన్నాయని మొదట్లో ఒప్పుకున్నాను గదా. వాటిలో ఎక్కువ భాగం డ్రైవర్ మారడం వల్లే బాగై ఉంటాయి. ఇల్లంతా కూలగొడితే తలుపు కిర్రుమనడం ఆగిందని సంతోషపడే వాళ్లతో నాకు పేచీ లేదు, ఆ కూలగొట్టుడుకు కూలి అడిగేవాళ్లతోనే పేచీ.

కొత్తది కొనమనే వాళ్లకు 2025 అక్టోబర్ 14 ఒక వరమైంది. ఆ రోజుతో విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ‘మద్దతు లేదు గనుకనే వైఫై రావట్లేదు’ అని కౌంటర్ దగ్గర చెప్పేస్తున్నారు. భద్రతా అప్‌డేట్లు ఆగడం వేరు, రేడియో తరంగం అందకపోవడం వేరు. అక్టోబర్ 13న పట్టుకున్న వైఫైని 15న వదిలేయమని ఆ కార్డుకు ఎవరూ చెప్పలేదు.

5. కరెంటు ఆడించే నాటకం

ఇది మన ప్రాంతంలో అందరి కళ్ల ముందూ జరుగుతూ ఎవరికీ పట్టనిది. కరెంటు పోతుంది. ఇన్వర్టర్ అందుకుంటుంది. అందుకునే లోపల రెప్పపాటు సందు ఉంటుంది. ఫ్యాను, లైటు ఆ సందును లెక్కచేయవు. రూటర్ మాత్రం ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. లైట్లు వెలిగి, ఫైబర్‌తో మాట కుదిరి, వైఫై పరిచేసరికి రెండు మూడు నిమిషాలు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గనుక అది ఆగలేదు. ఇంట్లో లైటూ ఆగలేదు. కనుక ‘కరెంటు లేకపోవడం’ ఎవరికీ గుర్తు రాదు, ‘నెట్ పోయింది’ అనే అనిపిస్తుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే ఇది గంటలో నాలుగైదు సార్లు జరగవచ్చు.

దీనికి రెండో అంకం ఉంది. ఛార్జర్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేకపోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు వైఫై కార్డును పొదుపు మోడ్‌లో పెడతాయి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీలో, పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్కు ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి. కొన్ని కొత్త మోడళ్లలో ఆ పేజీ కనిపించదు, అప్పుడు బ్యాటరీ సెట్టింగుల్లో పొదుపు తగ్గించాలి. రూటర్‌కు పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత. ప్లాన్ పెంచడానికి నెలనెలా కట్టే అదనపు పైసలతో పోలిస్తే అది ఒక్కసారి ఖర్చు.

వేడి మాట కూడా ఒకటి చెప్పి ఈ అంకం ముగిస్తాను. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల్లో రేకుల కింద, చెక్క డబ్బాలో బిగించి తాళం వేసిన రూటర్ మధ్యాహ్నం మొండికేస్తే ఆశ్చర్యమేముంది? బయటికి తీసి గాలి తగిలేచోట పెట్టండి.

6. ‘గింతే’ అనడం వల్ల తప్పించుకునేది ఎవరు?

ఇదంతా చెబితే, లైను తప్పులే లేవంటున్నానని కొందరు అంటారు. లేవని ఎక్కడన్నాను? ఉన్నాయి, వాటిని కాపాడుతున్నది ఈ ‘గింతే’ మాటేనంటున్నాను.

ఫైబర్ డబ్బా మీద ‘లాస్’ అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే తీగలో వెలుతురు రావడం లేదని అర్థం. అది వెలగకపోయినా, తీగ ఎక్కడో మడతపడితే వెలుతురు పలచబడుతుంది. డబ్బా సెట్టింగుల్లో అందుతున్న వెలుతురు ఎంతో డీబీఎం లెక్కలో కనిపిస్తుంది. మైనస్ 20 ప్రాంతంలో ఉంటే క్షేమం. మైనస్ 27, 28 దగ్గరికి జారితే వానకూ గాలికీ తెగుతూ ఉంటుంది. ఈ అంకె రాసుకుని, పింగ్ కిటికీ ఫొటో తీసుకుని ఫిర్యాదు చేసినవాడికి ‘రీస్టార్ట్ చేయండి సార్’ అనే జవాబు చెల్లదు. ఏ కొలతా లేకుండా ‘నెట్ మంచిగ వస్తలేదు’ అన్నవాడికి అదే జవాబు చాలు. చేతిలో రుజువు లేని ఫిర్యాదు ఆపరేటర్‌కు ఎంత హాయి! ల్యాప్‌టాప్ తప్పనుకుని మనం షాపుకు వెళ్తాం, షాపువాడు లైను తప్పంటాడు, మధ్యలో ఆపరేటర్‌గారి మడతపడ్డ తీగ స్తంభం మీద భద్రంగా ఉంటుంది.

ఇంకొకరికీ అన్యాయం జరుగుతోంది. అమ్రాబాద్ గుట్టల మీద, నల్లమల లోపల చెంచు పెంటల్లో సిగ్నల్ లేకపోవడం నిజమైన లేమి. టవర్ లేని ఊళ్ల కోసం కేంద్ర క్యాబినెట్ 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయలతో 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకానికి ఆమోదం తెలిపింది. ఆ పని ఎక్కడిదాకా వచ్చిందని గట్టిగా అడగాల్సిన వాళ్లం మనం. గుమ్మం దాకా ఫైబర్ వచ్చిన ఇంట్లో బీరువా వెనక రూటర్ పెట్టుకుని మనకూ వాళ్లకూ ఒకే కష్టమన్నట్టు ‘మా దిక్కు గింతే’ అంటే, అసలు అడగాల్సిన ప్రశ్న పలచబడిపోతుంది. 2024 డిసెంబర్‌లో ఇంటింటికీ ఫైబర్ తెచ్చే రాష్ట్ర పథకం టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ తీగ రేపు ప్రతి ఊరికీ వస్తుంది. వచ్చాక కూడా రాతి గోడ రాతి గోడగానే ఉంటుంది, విరిగిన కబ్జా విరిగే ఉంటుంది.

నష్టం చిన్నది కాదు. 2023లో పాలమూరు దగ్గరి దివిటిపల్లిలో ఐటీ టవర్ తెరిచారు. ఊళ్లోనే ఉండి పని చేసుకోవచ్చన్న ఆశ మన పిల్లలకు కొత్తగా పుట్టింది. ఇంటర్వ్యూ మధ్యలో తెర బిగుసుకుపోయిన అమ్మాయి గురించి అవతలి మేనేజర్ ఏమనుకుంటాడు? ‘ఊరి నుంచి చేరితే ఇంతే’ అనుకుంటాడు. మన మాటే తిరిగి మన పిల్లల నెత్తిన పడుతుంది.

7. ‘ఇవన్నీ మామూలు జనానికి ఎట్ల తెలుస్తయ్?’

చివరి అభ్యంతరం ఇది. పింగ్, ఛానెల్, డీబీఎం అంటూ చదువుకున్నవాళ్ల మాటలు చెబుతున్నావు, రైతు ఇంట్లో ఎవరు చూస్తారు అని.

బోరు మోటరు నీళ్లు పోయకపోతే అదే రైతు ఏం చేస్తాడు? ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని టెస్టర్ పెడతాడు. ఫ్యూజు చూస్తాడు. స్టార్టర్ చూస్తాడు, కెపాసిటర్ చూస్తాడు. అప్పటికీ తేలకపోతేనే మోటరు పైకి లాగుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది కావాలని మొదటి రోజే దరఖాస్తు పెట్టడు, పక్కనే ఇంకో బోరు వేయడు. దేని తర్వాత ఏది చూడాలో ఈ జిల్లాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కరువు నేర్పింది. ఆ బుద్ధిని ఇంటి గడప లోపలికి, ల్యాప్‌టాప్ ముందుకు తెచ్చుకోమనే నేనడుగుతున్నది. ల్యాప్‌టాప్‌ను రూటర్ పక్కన పెట్టి చూడటం, అదే చోట ఫోన్‌కు వస్తోందా అని చూడటం, ల్యాన్ వైరు గుచ్చి చూడటం, ఇవి పదో తరగతి పిల్లలు చేసే పనులే. వైరు పెట్టే సందు లేని సన్న ల్యాప్‌టాప్ అయితే కొన్ని వందలకు యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. వైరు మీద రోజంతా నికరంగా నడిచి, వైఫై మీద తెగితే లైను నిర్దోషి.

తెలిసి ఉండాల్సిన బాధ్యత అసలు ఉన్నది పైసలు తీసుకునేవాళ్ల మీద. ఫార్మాట్ అన్న షాపాయనను మూడు అడగండి. తెర వంచి చూశావా? డ్రైవర్ మార్చి చూశావా? విండోస్ తానే రాసిపెట్టే వైర్‌లెస్ రిపోర్టు తీశావా? అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్’ అని ఇంగ్లిషులో కొడితే గత మూడు రోజుల్లో ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగిందని అది అనుకుంటోంది, అన్నీ ఒక పేజీలో వస్తాయి. ప్లాన్ అమ్మే ఆపరేటర్‌ను రెండు అడగండి. నా డబ్బాకు వెలుతురు ఎంత అందుతోంది? ల్యాన్ వైరు పెట్టి నా కళ్ల ముందు వేగం చూపిస్తావా? చూపించినవాడికి అడిగినంత ఇవ్వండి, బేరం కూడా ఆడొద్దు. చూడకుండానే చెప్పినవాడికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని వచ్చేయండి.